ఇర్మా షెఫర్ బిగించని బోల్టులు

ఇర్మా షెఫర్‌కి కోపం ఎక్కువని మా సాన్ ఎమిలియోలో ఎవర్నడిగినా చెబుతారు. ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం భుజాలెగరేసి ఊరుకుంటారు. నేను చెబుతాను. ఆ కోపంలో సగానికి కారణం నేను. మిగతా సగానికి కారణం మా ఊరు, మా రేసుల క్లబ్బు, ఆ క్లబ్బుకి అధ్యక్షుణ్ణని ఛాతీ విరుచుకు తిరిగే గ్రసియానో బొస్సియో.

నాది బోల్టుల కొట్టు. రోడ్డుకి ఇవతల నేను, అవతల ఇర్మా రేకుల షెడ్డు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా పొద్దున్నే తలుపు తీస్తే నాకు మొదట కనిపించేది ఆవిడ మొహమే. ఆవిడ తండ్రి గుర్రాలకి జీన్లు కుట్టేవాడు. గుర్రాలు తగ్గిపోయాక ఇర్మా అవే సూదులతో ట్రాక్టర్ సీట్లు కుట్టింది, బస్సు సీట్లు కుట్టింది. తర్వాత మా జిల్లా అంతటా మట్టి ట్రాకుల మీద కార్ల రేసుల పిచ్చి ముదిరింది. కారులోంచి మెత్తటి సీటు పీకేసి, ఒంటిని రెండు పక్కలా అదిమి పట్టే రేసు సీటు బిగించడం, డ్రైవర్ని ఆ సీటుకి కట్టేసే బెల్టుల కోసం కారు ఒంట్లో కొక్కేలు అమర్చడం, చుట్టుపక్కల పది ఊళ్ళకీ ఆవిడ పనే అయిపోయింది.

ఆవిడ పనికి ఆవిడ పద్ధతులున్నాయి. డ్రైవరు హెల్మెట్, బూట్లు, రేసు దుస్తులు అన్నీ వేసుకుని రావాలి. అదీ మధ్యాహ్నం కడుపునిండా తిని రావాలి. ఒకసారి ఒకడు ఖాళీ కడుపుతో వస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపింది.

"ఆదివారం పొద్దుటినుంచీ మాంసం కాల్చుకు తిని తిని కదరా కారెక్కుతావ్? ఆ పొట్టనేం చేస్తావ్, ఇంటి దగ్గర వదిలేసి వస్తావా? పో, తినిరా!"

మనిషిని సీట్లో కూర్చోబెట్టి, సీటు కింద చెక్కముక్కలు పెట్టి, ఒకటి తీసి ఒకటి దూర్చి గంటసేపు చూస్తుంది. సుద్దముక్కతో భుజం ఎత్తు ఎక్కడికొచ్చిందో తలుపు పక్కన గీత గీస్తుంది. నడుము బెల్టు పొట్టమీదికి ఎక్కకుండా తుంటి ఎముకల మీదే కూర్చోవాలి. కొక్కెం బిగించే చోటల్లా కారు అడుగున, అవతలి వైపు నుంచి, అరచెయ్యంత వెడల్పున మందపాటి ఇనప పలక పడాలి. అది లేకపోతే కారు గుద్దుకున్నప్పుడు బోల్టు ఆ పల్చటి రేకుని చించుకుని ఊడి వచ్చేస్తుంది. అంతా అయ్యాక ఆవిడ సీటుని రెండు చేతులా పట్టుకుని పళ్ళు బిగించి ఊపుతుంది. సీటు కదిలితే పని కానట్టు, కారు మొత్తం ఊగితే అయినట్టు. పని కాకపోతే సీటు వీపు మీద సుద్దతో పెద్దక్షరాల్లో 'కూర్చోవద్దు' అని రాసేస్తుంది. ఆ మాట చెరిపే హక్కు ఆవిడకి తప్ప ఎవరికీ లేదు.

ఇంత పద్ధతైన మనిషి ఉన్న ఊళ్ళో మేం చేసే నిర్వాకం చూడండి.

రేసు బెల్టులకి గడువు తేదీ ఉంటుంది. బెల్టు మీద కుట్టిన చీటీలో ఆ తేదీ ఉంటుంది. రేసుకి ముందు శనివారం జోన్ రేసుల సంఘం ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ తేదీ చూస్తాడు. మా క్లబ్బులో పధ్నాలుగు కార్లు, గడువు తీరని బెల్టుల జత ఒక్కటి. ఆ ఒక్కదాన్ని అద్దాల బీరువాలో రేసుల్లో గెలిచిన కప్పుల పక్కన దాచిపెట్టుకుంటాం. దాని పేరు 'పెళ్ళికూతురి గౌను'. శనివారం పొద్దున్న మొదటి కారుకి ఆ జత తగిలిస్తాం, ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెడతాడు, కారు షెడ్డు వెనక్కి పోతుంది, కొక్కేల్లోంచి గౌను విప్పేసి రెండో కారుకి తగిలిస్తాం. పధ్నాలుగు కార్లకీ అదే గౌను. ఎడమ బెల్టు మీద అరచెయ్యంత మరక ఉంది, మేమంతా పొద్దస్తమానం తాగే మాతే ఆకుల కషాయం ఒలికింది. పధ్నాలుగు కార్లలోనూ పధ్నాలుగుసార్లు ఆ మరక చూసి ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఒక్కసారీ అనుమానం రాలేదు! ఆయనకి షెడ్డు బయట నీడలో కుర్చీ, కాల్చిన సాసేజీ పెట్టిన రొట్టె మేమే ఇచ్చేవాళ్ళం మరి. ఆదివారం రేసు మాత్రం రంగు వెలిసి, పీచు లేచిన పాత బెల్టులతోనే. ఈ గౌను తెలివితేటలు ఎవరివనుకున్నారు? నావే. క్లబ్బు కార్యదర్శిని కదా, దానికి పేరు పెట్టి మురిసిపోయింది కూడా నేనే.

ఇక బేతో సంగతి. నాలుగేళ్ళ కిందటిది.

బేతో రోల్దాన్ మా ఊరి డ్రైవర్లలో నెమ్మదైనవాడు. కొత్త కారు కట్టించుకున్నాడు. సీటు ఇర్మా బిగించింది. భుజాల బెల్టులకి మాత్రం, కారు బోల్తాపడ్డా మనిషి నలగకుండా లోపల కట్టే ఇనప గొట్టాల పంజరంలో, డ్రైవరు వెనక అడ్డంగా ఇంకో గొట్టం అతికించాలని, అది లేకుండా తను బెల్టులు బిగించనని చెప్పేసింది. సీటు వీపు మీద 'కూర్చోవద్దు' అని రాసి కారు పంపేసింది. అది శుక్రవారం, ఆదివారమే రేసు. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్న వేళ బొస్సియో నా కొట్టుకొచ్చాడు.

"ఒస్వాల్దో, నాలుగు బోల్టులు పట్టుకురా. నేలకి కట్టేద్దాం. బెల్టు పైకి కడితేనేం, కిందకి కడితేనేం, మనిషి సీట్లో ఉంటే చాలదూ?"

పట్టుకెళ్ళాను. సీటు వెనక కారు నేలకి రంధ్రాలు నేనే వేశాను. అడుగున పలకలు లేవు, మామూలు వాషర్లు వేశాను. బోల్టులు బిగించాను. ఆ సుద్దరాతని నా చొక్కా చేతితో తుడిచేశాను. బేతోకి "ఇర్మా వచ్చి పూర్తి చేసింది" అని చెప్పింది బొస్సియో. పక్కనే నిలబడి తలూపింది నేను.

మూడో మలుపులో బేతో మట్టిగట్టుని గుద్దాడు. పెద్ద వేగమేం కాదు. అదే గట్టుని గుద్దినవాళ్ళు దిగి దులుపుకుని, బూతులు తిట్టుకుంటూ నడిచి రావడం నేనెన్నోసార్లు చూశాను. బేతో నడిచి రాలేదు. నేలకి కట్టిన బెల్టులు వాణ్ణి భుజాలు పట్టి కిందకి గుంజాయి, వెన్నుపూసలు రెండు నలిగిపోయాయి. ఏడాది మంచంలో ఉన్నాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని ఎడమ కాలు ఈడుస్తాడు. మంగళవారం కల్లా బొస్సియో ఆ కారుని పాత ఇనప సామానుకి పంపించేశాడు.

ఊరు ఊరంతా ఇర్మానే అంది. "సీటావిడ బేతో నడ్డి విరగ్గొట్టింది" అంది. "ఆ బెల్టులు నేను కట్టలేదు, కట్టనని రాసి పంపాను" అని ఆవిడ గొంతు చించుకుని చెప్పింది. ఏదీ ఆ రాత? కారేదీ? కారు లేదు. రాత నా చొక్కా చేతికి అంటి, ఉతుకులో పోయింది. నేను రోడ్డుకి ఇవతల కొట్లో కూర్చుని వాషర్లు సైజులవారీగా డబ్బాల్లో సర్దుకుంటున్నాను. సిగ్గులేని వెధవని. నాలుగేళ్ళు అలాగే సర్దుకుంటూ కూర్చున్నాను.

ఇర్మా పని మానలేదు. ఊరివాళ్ళు తగ్గారు, పై ఊళ్ళవాళ్ళు వచ్చారు. రొట్టెల కొట్లో ఆవిడ వెనక నిలబడ్డ ఆడవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు. ఆవిడ వెనక్కి తిరిగి, "గట్టిగా అనండమ్మా, నాకూ వినాలనుంది" అనేది. ఆ కోపాన్ని చూసే ఊరు ఆవిడకి కోపం ఎక్కువని తేల్చేసింది.

ఈ ఏడు ఏప్రిల్లో, మా దేశంలో చలి మొదలయ్యే రోజుల్లో, మా క్లబ్బు స్పోర్ట్స్ కూపేకి డ్రైవరుగా నా కూతురు నెరేయాని ఎంచుకున్నారు. ఇరవైమూడేళ్ళది. పదేళ్ళ వయసునుంచీ పిల్లల రేసుల్లో చిన్నబళ్ళు తోలింది. రెండు తలుపుల ఆ పాత కూపే అంటే మా జిల్లాలో అందరికీ మోజే. పేరు ప్రకటించినరోజు నెరేయా ఎగిరి నా మెడకి వేలాడింది.

కారు ఇర్మా దగ్గరికే వెళ్ళింది, ఇంకెవరున్నారు గనక? నేనూ వెంట వెళ్ళాను. ఇర్మా నన్ను చూడనట్టే ఉండి, నెరేయాని కూర్చోబెట్టి, చెక్కముక్కలు మార్చి, సుద్దగీత గీసి, పంజరం వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"వెనక అడ్డగొట్టం లేదు. గొట్టం తెప్పించి అతికించాలి. రెండు వారాలు పడుద్ది."

"రేసు ఈ ఆదివారమే కదండీ, దోన్యా ఇర్మా," అంది నెరేయా.

"అయితే ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని రవియోలీ చేసుకో. ఇటు చూడమ్మాయ్. భుజాల బెల్టు భుజం ఎత్తులోనే వెనక్కి పోవాలి. కిందకి నేలకి కట్టావనుకో, బండి గుద్దుకున్నప్పుడు నువ్వు ముందుకి పోతావ్, బెల్టు నిన్ను కిందకి లాగుద్ది. మధ్యలో నలిగేది నీ నడ్డి."

నెరేయా మొహం ఎర్రబడింది. రోడ్డు దాటి మా కొట్లోకి రాగానే మండిపడింది.

"బేతో నడ్డి విరగ్గొట్టిన మనిషి నాకు నడ్డి గురించి పాఠాలు చెబుద్దా నాన్నా? నువ్వేం మాట్లాడవేం?"

నేనేం మాట్లాడతాను? మాట్లాడితే బేతో సంగతి బయటికొస్తుంది. "బొస్సియో చూసుకుంటాడులే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, నా సొంత కూతురితో.

బొస్సియో చూసుకున్నాడు. శుక్రవారం తన మెకానిక్‌ని నా కొట్టుకి పంపాడు. కూపేలో భుజాల బెల్టుల కోసం నేలకి కొక్కేలు బిగించాలి, బోల్టులు, వాషర్లు కావాలి. నేను లెక్కపెట్టి ఇచ్చాను. నా కూతురి కారుకని తెలిసే ఇచ్చాను. ఇది రాస్తుంటే నామీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తోంది.

శనివారం పొద్దున్న క్లబ్బు షెడ్డు. బయట నీడలో ఇన్‌స్పెక్టర్, పక్కన రొట్టె. గేటు దగ్గర కుర్చీలో బేతో, కర్ర ఒళ్ళో పెట్టుకుని టికెట్లు చింపుతున్నాడు. ఐదు కార్లు అయ్యాయి. ఆరోది మా కూపే. షెడ్డు వెనక నెరేయా హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది, బొస్సియో ఐదో కారులోంచి విప్పిన గౌను చేతిమీద వేసుకుని వస్తున్నాడు. అప్పుడు ఇర్మా వచ్చింది. నేరుగా బొస్సియో చేతిమీంచి బెల్టులు లాక్కుంది, ఏప్రాన్ జేబులోంచి తోలు కోసే పెద్ద కత్తెర తీసింది, ఎడమ బెల్టుని మరక దగ్గర అడ్డంగా కసిక్కున కోసేసింది. తర్వాత కుడిది. తర్వాత నడుముది. తేదీ ఉన్న చీటీని విడిగా కత్తిరించి పట్టుకెళ్ళి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద రొట్టె పక్కన పెట్టింది.

"ఇదిగో, నీ సంతకం దీనిమీదే కదయ్యా పెడతావ్? దీనికే పెట్టుకో. మనుషులకి పెట్టకు."

షెడ్డంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. డ్రైవర్లు, వాళ్ళ అన్నదమ్ములు, అందరూ ఆవిడ మీదకి వచ్చారు. ఇన్‌స్పెక్టర్ నోట్లో ముద్ద మింగలేక కక్కలేక కూర్చున్నాడు. బొస్సియో మాత్రం తడబడలేదు, అంత మొండిఘటం వాడు.

"ఎవరూ కంగారుపడకండి! పక్క క్లబ్బువాళ్ళ దగ్గర కొత్త జత ఉంది, అరగంటలో తెప్పిస్తా. రేసు ఆగదు. ఏవమ్మా ఇర్మా, ఒకణ్ణి కుంటివాణ్ణి చేసి వాడి ఎదురుగానే నీతులు చెప్పడానికొచ్చావా? సిగ్గుందా నీకు?"

ఇర్మా వాడి వైపు చూడలేదు. కూపే దగ్గరికి వెళ్ళి వంగి, కిటికీలోంచి నా కూతురితో మాట్లాడింది. ఆ గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

"దిగమ్మా. నా మాట వినకపోతే పోనీ. వెనక్కి తిరిగి ఆ బెల్టుల కొక్కేలు ఎక్కడ బిగించారో ఒక్కసారి చూసుకుని దిగు."

"మీరు బేతోకి చేసింది చాలదా? నేను దిగను," అంది నెరేయా. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుంది.

అరగంటలో ఇంకో జత వస్తుంది. ఇన్‌స్పెక్టర్ సంతకం పెడతాడు. రేపు మూడో మలుపు, అదే మట్టిగట్టు. నేను బిగించిన బోల్టులు బేతోని ఏం చేశాయో నాకు తెలుసు, నేను అమ్మిన బోల్టులు నా కూతురి వెనక ఉన్నాయి.

"బేతో బెల్టులు కట్టింది ఇర్మా కాదు," అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఈసారి అరిచాను. "నేను కట్టాను! నేలకి కట్టాను! ఆవిడ కూర్చోవద్దని రాసి పంపింది. ఆ రాత తుడిచింది నేను. బోల్టులు నావి. కట్టమన్నది బొస్సియో. ఇవాళ ఈ కారులో కూడా అలాగే కట్టారు. నెరేయా, దిగవే తల్లీ, దిగు!"

గోల ఆగిపోయింది. బొస్సియో "వీడికి మతి పోయింది" అన్నాడు గానీ ఎవరూ అటు చూడలేదు. గేటు దగ్గర్నుంచి బేతో లేచి రావడం మొదలుపెట్టాడు. ఆ షెడ్డు పొడుగంతా వాడు కాలీడ్చుకుంటూ వస్తుంటే ఎవరూ ఎదురెళ్ళలేదు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుణ్ణనుకున్నాను. వాడు నా ముందు ఆగలేదు. ఇర్మా దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"నాలుగేళ్ళు," అన్నాడు. "నాలుగేళ్ళుగా మీరెదురైతే రోడ్డుకి అవతలికి దాటేసేవాణ్ణి దోన్యా ఇర్మా. ఈ కాలుతో. నేను దాటేదాకా మీరు ఆగి చూసేవారు." తర్వాత నావైపు తిరిగాడు. "నా నడ్డి విరిగింది, సరే. నా చేత ఆ పని కూడా చేయించావు కదరా నువ్వు."

నెరేయా హెల్మెట్ తీసింది. వెనక్కి తిరిగి కిందకి, నేలకి బిగించిన కొక్కేల వైపు చూసింది. కారు దిగి, నన్ను దాటుకుని, బయటికి వెళ్ళిపోయింది.

నేను ఇర్మా వైపు చూశాను. ఇప్పుడైనా ఒక మంచిమాట అంటుందని ఎక్కడో ఆశ, అంత సిగ్గుమాలినవాణ్ణి. ఆవిడ కత్తెరని ఏప్రాన్‌కి తుడుచుకుంది.

"నాలుగేళ్ళు నా ఎదురుగా కూర్చున్నావ్ ఒస్వాల్దో. రోజూ చూశాను నీ మొహం. ఇవాళ నోరొచ్చింది. ఆ కారులో ఉన్నది నీ కూతురు కాబట్టి వచ్చింది. ఇంకొకళ్ళ కూతురైతే?"

నేను వంగి నేలమీది బెల్టు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"అదీ సంగతి," అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఇంకే కారుకీ సంతకం పెట్టలేదు, ఆ ఆదివారం రేసు జరగలేదు. దానికి ఊళ్ళో సగంమంది నన్ను తిడతారు, సగంమంది ఇర్మానే తిడుతున్నారు ఇంకా. బొస్సియో ఇప్పటికీ అధ్యక్షుడే, ఎందుకో అడగండి మా ఊరివాళ్ళని. నన్ను కార్యదర్శిగా తీసేశారు, మంచి పని చేశారు. కొత్త బెల్టులు మాత్రం ఒక్కో కారుకి ఒక్కో జత, నెమ్మదిగా వస్తున్నాయి. బేతో సాయంత్రాలు ఇర్మా షెడ్డులో కూర్చుంటాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో మాతే తాగుతారు, ఎక్కువ మాట్లాడుకోరు.

ఇర్మా నా కొట్లో కొనడం మానేసింది. నలభై కిలోమీటర్ల అవతలి ఊరినుంచి గురువారం బస్సులో ఆవిడకి బోల్టుల పార్సిల్ వస్తుంది. నా గుమ్మం ముందే దింపుతారు, ఆవిడ రోడ్డు దాటి వచ్చి తీసుకుపోతుంది. జూన్‌లో నెరేయా కూపేని మళ్ళీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళింది. భోంచేసి, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళింది. నాతో చెప్పలేదు. నేను కొట్లోంచి చూశాను. అడ్డగొట్టం అతికించారు, పలకలు వేశారు, చివర్లో ఇర్మా సీటు పట్టుకుని ఊపితే కారు కారంతా ఊగింది. నా కూతురు వీపు ఆనించి కూర్చునే ఆ సీటులో, ఆ బెల్టుల కొక్కేల్లో నేను అమ్మిన బోల్టు ఒక్కటీ లేదు.